ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ స్టడ్లు రెండు హెడ్‌లోనే విరిగిపోయాయి, ఎలా తీయాలి?

కొత్తపానా:

అందరికీ నమస్తే. రెండు రోజులుగా ఇదే టెన్షన్, దయచేసి ఎవరైనా దారి చెప్పండి. నాది నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజను, హెడ్ (సిలిండర్ల మీద మూతలా ఉండే భాగం) అల్యూమినియం, దానికి బిగించే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (పొగను బయటికి పంపే గొట్టాల భాగం) పోత ఇనుము. పొద్దున్నే స్టార్ట్ చేస్తే టిక్ టిక్ టిక్ అని చప్పుడు వచ్చేది, బండి వేడెక్కాక దానంతటదే తగ్గిపోయేది. చూస్తే మ్యానిఫోల్డ్ గాస్కెట్ అంచున నల్లగా మసి పట్టి ఉంది, లీకు అక్కడే. గాస్కెట్ మార్చడమే కదా అని నేనే మొదలుపెట్టాను.

మొత్తం 8 స్టడ్లు (హెడ్‌లో దిగి ఉండే తల లేని బోల్టులు), ఎం8 సైజు. ఆరింటి నట్లు బాగానే వచ్చాయి. ఒకటో సిలిండర్ వైపు చివరిది బిగుసుకుపోయి కదలకపోతే పానాకు పైపు తొడిగి లాగాను, టక్‌మని విరిగింది. దాని ముక్క ఇంకా 6 మి.మీ. దాకా బయటికి ఉంది. ఇక రెండోదాన్ని జాగ్రత్తగా చేద్దామని మెల్లగా తిప్పుతూనే ఉన్నాను, నాలుగో సిలిండర్ వైపు చివరిది కూడా అలాగే పోయింది. అదైతే హెడ్ ముఖానికి సమానంగా, ఒక పక్క కాస్త లోపలికే విరిగింది, పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు.

నా దగ్గర మామూలు డ్రిల్ మెషిను, హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్లు, ఒక ఈజీ ఔట్ (విరిగిన బోల్టులు తీసే పనిముట్టు) సెట్టు ఉన్నాయి. మధ్యలో చిల్లు వేసి ఈజీ ఔట్ దింపి తిప్పితే వచ్చేస్తుందా? లేక హెడ్ దించక తప్పదా? ఇంజను బండిలోనే ఉంది, రేడియేటర్ ఫ్యాను తీసేస్తే చెయ్యి, డ్రిల్లు పట్టేంత చోటు వస్తుంది. తప్పు చేసి హెడ్ పాడు చేసుకోవడం ఇష్టం లేదు, అందుకే ఇంకేమీ ముట్టుకోకుండా ఆపేశాను.

హెడ్‌గాస్కెట్:

తమ్ముడూ, ఆపేసి అడిగావు చూడు, అదే మంచి పని చేశావు. ముందు ఆ ఈజీ ఔట్ సెట్టు తీసి పక్కన పెట్టెయ్.

ఎందుకంటే ఒక్క నిమిషం ఆలోచించు, ఆ స్టడ్ ఎందుకు విరిగింది? లోపల మరలు తుప్పుతో పట్టేసి కదలనన్నాయి కాబట్టి. 8 మి.మీ. నిండు స్టడ్ తిప్పలేక తెగిపోతే, దాని మధ్యలో చిల్లు వేసి అందులో దింపే 4 మి.మీ. ఈజీ ఔట్ దాన్ని తిప్పుతుందని ఎలా అనుకుంటాం? పైగా అది శంకువులాగా ఉంటుంది కదా, లోపలికి బిగిసే కొద్దీ స్టడ్ ముక్కను బయటికి ఉబ్బిస్తుంది, అంటే ఇప్పటికే పట్టేసిన మరల్ని ఇంకా గట్టిగా హెడ్‌కి నొక్కుతుంది. అది గట్టి టూల్ స్టీలు, వంగదు, విరుగుతుంది. లోపల విరిగితే దాన్ని నీ హెచ్ఎస్ఎస్ బిట్టు గీకను కూడా గీకలేదు.

విరిగిన బోల్టులు రెండు రకాలు. బిగించేటప్పుడు ఎక్కువ టార్క్ (తిప్పే బలం) పడి తెగినవి ఒక రకం, వాటి మరలు శుభ్రంగానే ఉంటాయి, తల తెగిపోయాక లాగుడు పోతుంది కాబట్టి సన్నటి సూది మొనతో పక్కనుంచి పొడిచి తిప్పినా కొన్ని వచ్చేస్తాయి. ఈజీ ఔట్ పనికొచ్చేది అక్కడే. నీవి రెండో రకం, విప్పేటప్పుడు తెగినవి. వీటికి ముందు మరల మధ్య తుప్పు పట్టు వదలాలి, ఆ తర్వాతే తిప్పడం. ఆ పట్టు వదిలించేది బలం కాదు, వేడి.

నీ అదృష్టం ఏమిటంటే హెడ్ అల్యూమినియం. ఒకే వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. అంటే స్టడ్ చుట్టూ ఉన్న హెడ్‌ని వేడి చేస్తే చిల్లు స్టడ్ కంటే ఎక్కువ పెరిగి పట్టు సడలుతుంది. కానీ ఇందులోనే ఒక ప్రమాదం కూడా ఉంది, ఇనుములాగా అల్యూమినియం ఎర్రబడి హెచ్చరించదు, రంగు మారకుండానే కరిగి జారిపోతుంది. స్వచ్ఛమైన అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, హెడ్లకు వాడే మిశ్రమం అంతకంటే ముందే. కాబట్టి చిన్న గ్యాస్ టార్చి చాలు, మంట ఒకేచోట ఆపకుండా తిప్పుతూ ఉండు, నీటి చుక్క వేస్తే చుయ్‌మని ఆవిరైపోయేంత వేడి సరిపోతుంది.

ముందు రోజే పెనెట్రేటింగ్ ఆయిల్ పోసి వదిలెయ్, మధ్యమధ్యలో స్టడ్ కొస మీద చిన్న సుత్తితో నిలువుగా తడుతూ ఉండు. కొట్టడం కాదు, తట్టడం. ఆ అదురుకి తుప్పు పొరలో చీలికలు వచ్చి ఆయిల్ లోపలికి దిగుతుంది. టార్చి వెలిగించే ముందు మాత్రం ఆ ఆయిలంతా తుడిచెయ్, పెట్రోల్ పైపులు ఎటు వెళ్తున్నాయో చూసుకో, మంటలార్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకో. వేడి మీద ఉన్న స్టడ్ మొదట్లో కొవ్వొత్తి ఆనిస్తే మైనం కరిగి మరల్లోకి పీల్చుకుపోతుంది, ఆయిల్ వెళ్లలేని సందుల్లోకి కూడా వెళ్తుంది. వినడానికి చిట్కా వైద్యంలా ఉంటుంది కానీ నేను ఎన్నోసార్లు చేశాను, పని చేస్తుంది.

6 మి.మీ. బయటికున్న దాన్ని గ్రిప్ ప్లయర్‌తో ఎముక పట్టినట్టు పట్టి ముందు బిగించే వైపు ఒక వెంట్రుకవాసి తిప్పు, తర్వాత విప్పే వైపు. ఒకేవైపు లాగితే మళ్లీ తెగుతుంది. పావు మలుపు వచ్చాక మళ్లీ ఆయిల్, మళ్లీ ముందుకి, వెనక్కి. గంట పట్టినా పర్లేదు.

రెండోదానికి వెల్డింగే మార్గం. మిగ్ వెల్డింగ్ చేసే మనిషిని బండి దగ్గరికే పిలిపించు. స్టడ్ ముక్క మీద కొంచెం లోహం ముద్దలా పోసి పైకి తెచ్చి, దాని మీద వాషర్ పెట్టి చిల్లులోంచి వెల్డ్ చేసి, ఆ వాషర్ మీద నట్టు పెట్టి వెల్డ్ చేయాలి. ఉక్కు వెల్డు అల్యూమినియానికి అతుక్కోదు కాబట్టి జాగ్రత్తగా చేస్తే హెడ్‌కి ఏమీ కాదు. నట్టు జింకు పూత లేనిదై ఉండాలి, ఆ పూత మండితే వచ్చే పొగ పీల్చకూడదు, వెల్డు కూడా నిలవదు. నట్టు తిప్పడానికి హ్యాండిల్ దొరకడం ఒక లాభం, అంతకంటే పెద్ద లాభం ఆ వెల్డు వేడి నేరుగా స్టడ్ గుండెలోకి దిగడం. ఎర్రగా కాలిన స్టడ్ ఉబ్బి తుప్పుని నలిపేస్తుంది, చల్లారుతూ సన్నబడితే సందు ఏర్పడుతుంది. అందుకే వెల్డ్ చేసిన వెంటనే తిప్పకు, ఎరుపు పోయి కాస్త చల్లారనివ్వు. మొదటిసారి నట్టు ఊడొచ్చినా నిరాశపడకు, ఇంకో నట్టు పెట్టు. మూడు నాలుగు సార్లు పట్టడం మామూలే, ప్రతిసారీ వేడి పడుతూనే ఉంటుంది.

హెడ్ దించే ఆలోచన ఇప్పుడే వద్దు.

రాత్రిబండి:

పైన అన్న చెప్పిన ఈజీ ఔట్ మాట నూటికి నూరుపాళ్లు నిజం, నా అనుభవం కూడా చెప్తాను, ఇది చదివి ఒక్కరు ఆగినా చాలు.

నాది థర్మోస్టాట్ హౌసింగ్ బోల్టు, చిన్నది, ఎం6. విరిగింది. 3 మి.మీ. చిల్లు వేసి సన్నటి ఈజీ ఔట్ పెట్టాను, కొంచెం కదిలినట్టు అనిపించింది, ఆ ఆశతో ఇంకొంచెం తిప్పాను. కదిలింది బోల్టు కాదు, ఈజీ ఔటే మెలిపడుతోంది. మరుక్షణం లోపలే తెగింది. ఆ తర్వాత రెండు డ్రిల్ బిట్లు మొద్దుబారాయి, మూడోది ఆ గట్టి ముక్క మీద నిలవక పక్కకి జారి అల్యూమినియంలోకి దిగింది. అరగంటలో అయ్యే పని వారమంతా నడిచింది. చివరికి ఆ భాగం విప్పి స్పార్క్ ఎరోజన్ మెషిన్ ఉన్నచోటికి తీసుకెళ్తే, కరెంటు నిప్పురవ్వలతో ఆ ముక్కను కొంచెం కొంచెంగా కరిగించి తీశారు. మరలు నిక్షేపంగా మిగిలాయి, కానీ ఆ పని మొదటే చేయించి ఉంటే ఆ పక్క చిల్లు పడేది కాదు.

వెల్డింగ్ చేయిస్తే మరో రెండు మాటలు గుర్తు పెట్టుకోండి. బ్యాటరీ రెండు వైర్లూ తీసేయాలి, ఈసీయూ (ఇంజను కంప్యూటరు) కనెక్టర్ కూడా ఊడదీస్తే ఇంకా మంచిది, ఎర్త్ క్లాంపు ఎక్కడో బాడీకి కాకుండా హెడ్‌కే, ఆ స్టడ్‌కి దగ్గరగా పెట్టించండి. రెండోది ఇంకా ముఖ్యం, వెల్డింగ్‌కి ముందు క్లోరిన్ రకం బ్రేక్ క్లీనర్‌తో ఆ చోటు శుభ్రం చేయకండి. ఆ వేడికి, వెలుగుకి దాన్నుంచి ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది, కొంచెం పీల్చినా ఊపిరితిత్తులు పాడవుతాయి, ప్రాణం మీదికి కూడా వస్తుంది. వైర్ బ్రష్షు, అసిటోన్ వాడి, అసిటోన్ పూర్తిగా ఆరిపోయాక, డబ్బా దూరంగా పెట్టాకే వెల్డింగ్.

లేత్‌పని:

నేను మెషిన్ షాపులో పని చేస్తాను, నా దగ్గరికి వచ్చే హెడ్లలో సగం మొదట విరిగిన బోల్టు వల్ల రావు, దాన్ని వంకరగా డ్రిల్ చేసినందుకు వస్తాయి. కాబట్టి వెల్డు పట్టకపోతే డ్రిల్లింగ్ ఎలా చేయాలో చెప్తాను.

ముందు ఆ విరిగిన ముఖం సమంగా ఉండాలి. మీది ఒక పక్క లోపలికి ఉందన్నారు, అలాంటి వాలు మీద బిట్టు పెడితే నేరుగా పల్లం వైపు జారుతుంది. చిన్న గ్రైండింగ్ బిట్టుతో ముఖం చదును చేసి, ఆ తర్వాత సెంటర్ పంచ్‌తో (మొనదేలిన ఉలిలాంటిది) నడిమధ్యన గుర్తు కొట్టాలి. ఈ పంచ్ గుర్తు దగ్గర పావుగంట ఖర్చు పెట్టండి, భూతద్దం పెట్టుకుని చూడండి, నాలుగు వైపులా సమానంగా ఉందా లేదా అని. గుర్తు అర మి.మీ. పక్కకి పడిందంటే మొదట్లో తేడా తెలియదు, బిట్టు సైజు పెరిగేకొద్దీ ఒక పక్క స్టడ్ గోడ మిగిలి ఇంకో పక్క హెడ్ మరలు కోసుకుపోతాయి. స్టడ్ గట్టి ఉక్కు, హెడ్ మెత్తటి అల్యూమినియం, బిట్టు ఎప్పుడూ మెత్తటి వైపుకే పారిపోతుంది.

ఇంకా మంచి పద్ధతి ఒకటుంది. మ్యానిఫోల్డ్‌నే మిగిలిన స్టడ్ల మీద తిరిగి ఎక్కించి, విరిగిన చోట ఉన్న దాని చిల్లులో సరిగ్గా పట్టేలా ఒక బుష్షు లేత్ మీద తిప్పించండి. బయటి వ్యాసం మ్యానిఫోల్డ్ చిల్లుకి సరిపడా, లోపల 3 మి.మీ. చిల్లు. ఆ బుష్షులోంచి డ్రిల్ చేస్తే బిట్టు పక్కకి వెళ్లే ప్రశ్నే లేదు. అయితే మ్యానిఫోల్డ్ వంగి ఉంటే చిల్లులు స్టడ్లకి ఎదురుగా ఉండవు, అప్పుడు ఈ పద్ధతి మోసం చేస్తుంది, ముందు అది చూసుకోవాలి.

ఎడమ చేతి వాటం బిట్టు, అంటే వెనక్కి తిరుగుతూ కోసేది, దొరికితే తప్పకుండా అదే వాడండి. డ్రిల్‌ని రివర్స్‌లో పెట్టి కోస్తారు కాబట్టి కోసే బలమంతా స్టడ్‌ని విప్పే వైపే పనిచేస్తుంది, వేడి కూడా పుడుతుంది, చాలాసార్లు సగం లోతుకి వెళ్లేసరికి స్టడ్ పట్టు వదిలి బిట్టుతో పాటే తిరుగుతూ బయటికి వచ్చేస్తుంది. చూస్తుంటే ఎంత హాయిగా ఉంటుందో మాటల్లో చెప్పలేను. కోబాల్ట్ రకం బిట్టు, తక్కువ స్పీడు, కటింగ్ ఆయిల్, గట్టి ఒత్తిడి. స్పీడు పెంచి రుద్దితే ఉక్కు పైపొర గట్టిపడిపోయి ఇంక బిట్టు దిగదు.

3 తో మొదలుపెట్టి 5, తర్వాత 6.5 దాకా వెళ్లండి. ఎం8, పిచ్ (మరల మధ్య దూరం) 1.25 మరకి ట్యాప్ చేసే (మరలు కోసే) చిల్లు 6.8 మి.మీ., అంటే 6.5 దగ్గర స్టడ్‌లో మిగిలేది పల్చటి గొట్టం, దాన్ని సన్నటి ఉలితో లోపలికి మడిచి చుట్టగా పీకేయొచ్చు, తర్వాత ఎం8 ట్యాప్ నెమ్మదిగా తిప్పితే పాత మరలే శుభ్రపడతాయి. ఒకవేళ మరలు పోతే భయపడక్కర్లేదు, హెలికాయిల్ (కొత్త మరగా పనిచేసే స్ప్రింగులాంటి చుట్ట) వేయొచ్చు. ఎం8 హెలికాయిల్‌కి చిల్లు 8.3 లేదా 8.4 మి.మీ., కిట్ మీద ఏది రాస్తే అది, ట్యాప్ కూడా ఆ కిట్‌లోదే వాడాలి, మామూలు ట్యాప్ పనికిరాదు. సరిగ్గా వేసిన హెలికాయిల్ అల్యూమినియంలో అసలు మర కంటే బలంగానే ఉంటుంది.

డ్రిల్ చేసేటప్పుడు ఎగ్జాస్ట్ పోర్టుల్లో గుడ్డ కుక్కండి, ఎన్ని గుడ్డలు కుక్కారో లెక్క పెట్టుకోండి. రజను వాల్వు దగ్గరికి వెళ్తే కొత్త గొడవ.

కొత్తపానా:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఈజీ ఔట్ పెట్టె అసలు తెరవలేదు.

రెండు రోజులు ఆయిల్ పోసి, పొద్దున సాయంత్రం తడుతూ వచ్చాను. మూడో రోజు ఆయిల్ అంతా తుడిచి, వేడి చేసి, మైనం పెట్టి ఒకటో సిలిండర్ దాన్ని గ్రిప్ ప్లయర్‌తో పట్టాను. మొదటి ఇరవై నిమిషాలు ఏమీ లేదు. బిగించే వైపు ఒక్కసారి కిర్రుమంది, చిన్న చప్పుడే, కానీ నాకు ప్రాణం లేచొచ్చింది. అక్కడి నుంచి ముందుకీ వెనక్కీ తిప్పుతూ నలభై నిమిషాల్లో మొత్తం బయటికి వచ్చింది. మరల మధ్య గోధుమ రంగు పొడి ఇటుక పొడిలా ఉంది.

నాలుగోదానికి వెల్డింగ్ మనిషి వచ్చాడు. మొదటి నట్టు ఊడిపోయింది. రెండోది కూడా. ఆయన ఇక డ్రిల్ చేద్దామన్నాడు, నేను ఇంకొక్కసారి అన్నాను. మూడోసారి లోహం ఎక్కువ పోసి, ఒక నిమిషం చల్లారనిచ్చి, మైనం తాకించి తిప్పితే వెన్నలో కత్తి దిగినట్టు తిరిగింది. తీరా బయటికి వచ్చాక ఆ చిల్లులోంచి కూలెంట్ కారడం మొదలైంది! ఏమైనా పగిలిందా? కొత్త స్టడ్లు బిగించేటప్పుడు యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా రాసే పేస్టు) రాయొచ్చా, టార్క్ ఎంత?

హెడ్‌గాస్కెట్:

శభాష్ తమ్ముడూ, మూడోసారి అడిగి చేయించావు, అదే కావాల్సింది.

కూలెంట్ గురించి కంగారు పడకు. కొన్ని హెడ్లలో స్టడ్ చిల్లులు నీటి జాకెట్‌లోకి (హెడ్ లోపల కూలెంట్ తిరిగే ఖాళీ) తెరుచుకునే ఉంటాయి, అక్కడ స్టడ్ మరలే మూతలా పనిచేస్తాయి. నీ ఇంజను మాన్యువల్‌లో ఆ చిల్లు అలాంటిదేనా అని ఒకసారి చూడు. అలాంటిదైతే యాంటీ సీజ్ కాదు, ఎగ్జాస్ట్ వేడి తట్టుకునే థ్రెడ్ సీలెంట్ రాయాలి. నీరు కారని మిగతా చిల్లులకి మాత్రమే నికెల్ యాంటీ సీజ్, అదీ పల్చగా. మూసుకున్న చిల్లుల్లో ఆయిల్ గానీ నీరు గానీ నిలిచి ఉంటే కంప్రెసర్ గాలితో ఊది, కళ్లద్దాలు పెట్టుకుని, పూర్తిగా ఆరబెట్టు. ద్రవం నొక్కుకుపోదు కదా, స్టడ్ దిగేటప్పుడు ఆ ఒత్తిడికి లోహమే పగలొచ్చు.

టార్క్ అంకె నేను చెప్పను, నీ ఇంజను మాన్యువల్‌లో ఉన్నదే వెయ్యి. మామూలుగా ఆ అంకె పొడి మరలకి ఇస్తారు, నూనె రాసిన మర మీద అదే టార్క్ వేస్తే రాపిడి తగ్గి స్టడ్ మీద లాగుడు ఎక్కువైపోతుంది, మళ్లీ తెంపుకుంటావు. స్టడ్‌ని అడుగుకి గుద్దేలా బిగించొద్దు, చేత్తో పూర్తిగా దించి ఆపు. ఎనిమిదీ కొత్తవే వెయ్యి, మిగతా ఆరు కూడా అదే వేడి తిన్నవే. బిగింపు మధ్య నుంచి చివర్లకి, రెండు మూడు విడతల్లో.

అసలు మాట ఇంకోటుంది. రెండూ చివర్లవే ఎందుకు విరిగాయి? మ్యానిఫోల్డ్ వేడికి పొడవునా సాగి, చల్లారితే కుంచించుకుంటుంది, ఆ కదలికంతా ఎక్కువగా పడేది చివరి స్టడ్ల మీదే. ఏళ్ల తరబడి అలా జరిగి మ్యానిఫోల్డ్ వంగిపోతుంది, అంటే బిగించిన ప్రతిసారీ ఆ వంపుని స్టడ్లే లాగి పట్టుకోవాలి. బిగించే ముందు దాని ముఖం మీద స్ట్రెయిట్ ఎడ్జ్ (వంపు లేని ఉక్కు బద్ద) పెట్టి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) దూర్చి చూడు. గేజ్ దూరిందంటే ఎంత దూరిందో రాయి.

కొత్తపానా:

చూశాను అన్నా. మధ్యలో ఆనుతోంది, రెండు చివర్లా 0.5 మి.మీ. గేజ్ సులువుగా దూరుతోంది. మాన్యువల్‌లో ఆ నాలుగో చిల్లు నీటి జాకెట్‌లోకే అని ఉంది.

లేత్‌పని:

0.5 ఎక్కువే. అలాగే బిగిస్తే కొత్త గాస్కెట్ కూడా కొన్నాళ్లకే ఊదేస్తుంది, స్టడ్లు మళ్లీ తెగుతాయి. ముఖం సర్ఫేస్ చేయించండి, మిల్లింగ్ మీద 0.6 దాకా తీస్తే చదునవుతుంది, పోత ఇనుము మందంగానే ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. పనిలో పనిగా చివరి నాలుగు చిల్లులు స్టడ్లకి సరిగ్గా ఎదురొస్తున్నాయో లేదో చూడమనండి, మ్యానిఫోల్డ్ కుంచించుకుని ఉంటే చిల్లుల్ని పొడవు వైపు కొంచెం సాగదీయించండి, అది సాగి కుంచించుకోవడానికి చోటు ఉండాలి. హెడ్ ముఖం కూడా అదే స్ట్రెయిట్ ఎడ్జ్‌తో ఒకసారి చూసుకోండి.

కొత్తపానా:

సర్ఫేస్ చేయించి తెచ్చాను, హెడ్ ముఖం బాగానే ఉంది. ఎనిమిది కొత్త స్టడ్లు, నాలుగోదానికి సీలెంట్, మిగతా ఏడింటికి యాంటీ సీజ్ పల్చగా రాసి, టార్క్ కొంచెం తగ్గించి మూడు విడతల్లో బిగించాను. కూలెంట్ నింపి గాలి తీసి, ఈరోజు పొద్దున చల్లటి ఇంజను స్టార్ట్ చేశాను. టిక్ టిక్ లేదు. ఇరవై నిమిషాలు నడిపి ఆపి, నాలుగో స్టడ్ మొదట్లో తెల్ల కాగితం ఆనించి చూశాను, పొడిగానే ఉంది.